మీ ఫ్రెండ్ ఆడిందీ జురాసిక్ పార్కే, మీరు ఆడుతున్నదీ జురాసిక్ పార్కే

మీ ప్రశ్న చదివి నవ్వుకున్నాను, ఎందుకంటే ఈ తికమకలో నేనూ కొన్నేళ్లు తిరిగాను. చిన్నప్పుడు ఫ్రెండ్ ఇంట్లో చూసిన జురాసిక్ పార్క్ గేములో రాప్టర్ అనే వేటాడే డైనోసార్‌గా ఆడొచ్చు, ఇప్పుడు మీ దగ్గరున్న సూపర్ నింటెండో గేములో మాత్రం సినిమాలోని హీరో, శాస్త్రవేత్త గ్రాంట్ తప్ప ఇంకెవరూ లేరు, పైగా బయట తిరుగుతున్నంత సేపూ పైనుంచి చూస్తున్నట్టు ఉండి బిల్డింగ్ తలుపు దాటగానే వేరే గేములోకి వచ్చినట్టు అయిపోతోంది, ఇది నకిలీదా, అసలుది ఏది, ఇన్నిట్లో ఏది ఆడితే మంచిది, ఇదే కదా మీరడిగింది? నకిలీది కాదండి. రెండూ అసలువే. మీ ఫ్రెండ్ ఆడింది సెగా మెగా డ్రైవ్ గేము, అమెరికాలో దాన్నే జెనెసిస్ అంటారు. ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన అన్నదమ్ములు అవ్వాలని లేదు కదా, ఇవీ అంతే.

ఇప్పుడైతే ఒక గేము వచ్చిందంటే ప్లేస్టేషన్‌లో అయినా, ఎక్స్‌బాక్స్‌లో అయినా, పీసీలో అయినా అదే గేము, గ్రాఫిక్స్ కాస్త అటూ ఇటూ ఉంటాయి అంతే. ఆ అలవాటుతో 1993కి వెళ్తే బుర్ర తిరుగుతుంది. సినిమా ఆ ఏడాది జూన్‌లో వచ్చింది. గేములు తీసే హక్కులు ఒక్కరి చేతిలో లేవు. నింటెండో మెషీన్లకూ, అమిగా, డాస్ పీసీ లాంటి కంప్యూటర్లకూ చేసింది ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ కంపెనీ ఓషన్, సినిమాల మీద గేములు చేయడంలో అప్పటికే చెయ్యి తిరిగినవాళ్లు. సెగా మెషీన్లకు మాత్రం సెగానే చూసుకుంది, మెగా డ్రైవ్ గేమును బ్లూస్కై సాఫ్ట్‌వేర్ అనే టీమ్‌తో చేయించింది. సెగా, నింటెండో అప్పుడు ఎదురెదురుగా కత్తులు నూరుకుంటున్నాయి, కాబట్టి ఒకళ్ల గేము చూసి ఇంకొకళ్లు కాపీ కొట్టే ప్రశ్నే లేదు. సినిమా ఒకటే, దాన్ని చూసి రెండు టీములు రెండు రకాలుగా ఆలోచించాయి. ఓషన్ వాళ్లు పార్కును చూశారు, సెగా వాళ్లు రాప్టర్‌ను చూశారు. నన్నడిగితే మొత్తం తేడా అంతా అక్కడే ఉంది.

ఇంకో సంగతి కూడా గుర్తుపెట్టుకోండి. ఆ సినిమా మొత్తం రెండు గంటల పైచిలుకు, అందులో డైనోసార్లు తెర మీద కనిపించేది ఓ పావుగంట. మిగతా టైమంతా నీళ్ల గ్లాసు వణకడం, తెగిపోయిన కంచె, చీకట్లో చప్పుడు, వాటితోనే టెన్షన్ పెట్టారు. గేములో అలా కుదరదు కదా, చేతిలో కంట్రోలర్ ఉన్నవాడికి ప్రతి నిమిషం ఏదో ఒక పని ఇవ్వాలి. అందులోనూ సినిమాలో మనుషులు డైనోసార్లను చంపి గెలవరు, పరిగెత్తి, దాక్కుని బతికి బయటపడతారు. అప్పటి గేముల్లో ఉన్నవేమో దూకడం, కాల్చడం. ఈ చిక్కును ఎవరు ఎలా విప్పుకున్నారో చూడటంలోనే నాకు మజా ఉంటుంది.

మీ దగ్గరున్న సూపర్ నింటెండోదే ముందు తీసుకుందాం, ఎందుకంటే అన్నిట్లోకీ ఎక్కువ ఆశపడి చేసింది ఇదే, ఎక్కువ విసిగించేదీ ఇదే. బయట ద్వీపమంతా ఒకటే మ్యాపు, లెవెల్ ఒకటి అయిపోయి రెండు మొదలవడం అంటూ ఉండదు, ఎక్కడికైనా మీ ఇష్టం. కరెంటు తిరిగి తెప్పించాలి, కంప్యూటర్లు రీసెట్ చేయాలి, రాప్టర్ల గూడు సంగతి చూడాలి, బయటి ప్రపంచానికి కబురు పంపాలి, ద్వీపమంతా చెల్లాచెదురుగా పడున్న 18 రాప్టర్ గుడ్లూ ఏరుకోవాలి, చివరికి హెలిప్యాడ్ దగ్గరికి చేరాలి. బిల్డింగ్ లోపలికి అడుగు పెట్టగానే మీ కళ్లతో మీరే చూస్తున్నట్టు మారుతుంది. 1992లో పీసీలో వుల్ఫెన్‌స్టీన్ 3డీ వచ్చి ఆ తరహా ఆటకు దారి వేసింది, అదే పని సూపర్ నింటెండోలో చేయాలని చూశారు. ఆ మెషీన్ ప్రాసెసర్ వేగం 3.58 మెగాహెర్ట్జ్. అందుకే లోపల గోడలు కుదుపుతూ కదులుతాయి, తిరగడం ఎడ్లబండి తిరిగినట్టు ఉంటుంది. అయినా సరే, కారిడార్ చివర ఏముందో తెలియకుండా అడుగులో అడుగు వేస్తుంటే మూల నుంచి రాప్టర్ ఒక్కసారిగా మీద పడినప్పుడు వచ్చే భయం ఉంది చూశారూ, ఆ ఏడాది వచ్చిన జురాసిక్ పార్క్ గేముల్లో సినిమాకు బాగా దగ్గరగా వెళ్లింది ఆ ఒక్క క్షణమే అంటాను.

సంగీతం గురించి ఒక మాట. సినిమాకు సంగీతం ఇచ్చిన జాన్ విలియమ్స్ ట్యూన్ వినిపిస్తుందని చెవులు రిక్కించుకుని కూర్చోకండి, రాదు. ఓషన్‌లో పనిచేసిన జొనాథన్ డన్ సొంతంగా కట్టిన ట్యూన్లు ఉంటాయి. డైనోసార్లకూ వాటికీ ఏ సంబంధం ఉన్నట్టు అనిపించదు, కానీ ఒకసారి విన్నాక వారం రోజులు నోట్లో ఆడుతూనే ఉంటాయి. బయట చెట్ల మధ్య తిరిగేటప్పుడు వచ్చేది నాకు ఇప్పటికీ ఇష్టం.

ఇక అసలు దెబ్బ ఎక్కడంటే, ఇందులో సేవ్ లేదు. పాస్‌వర్డ్ కూడా లేదు. ఇంత పెద్ద ద్వీపం, ఇన్ని ఐడీ కార్డులు, ఇన్ని తలుపులు, మొత్తం ఒకే కూర్చోవడంలో అయిపోవాలి. కార్ట్రిడ్జ్‌లో, అంటే గేము ఉండే ఆ ప్లాస్టిక్ డబ్బాలో, సేవ్ పెట్టాలంటే లోపల చిన్న మెమరీ చిప్పు, దానికో బ్యాటరీ కావాలి, అది ఖర్చు, సరే ఒప్పుకుంటాను. పాస్‌వర్డ్‌కు ఖర్చేముంది చెప్పండి? నేను మొదటిసారి పూర్తి చేసిన రోజు పక్కన నోట్‌బుక్ పెట్టుకుని ఏ గదిలో ఎవరి కార్డు దొరికింది, ఏ తలుపు ఎవరి కార్డు అడిగింది అని గళ్లు గీసి రాసుకున్నాను. అలా రాసుకోకపోతే ఒకటే బిల్డింగ్‌లో అటూ ఇటూ తిరుగుతూ ప్రాణం విసిగిపోతుంది.

ఇప్పుడు మీ ఫ్రెండ్ గేము. మెగా డ్రైవ్‌లో అంతా పక్కనుంచి కనిపిస్తుంది, దూకుతూ ఎక్కుతూ వెళ్లే మామూలు తరహానే. మొదట్లోనే గ్రాంటా, రాప్టరా అని అడుగుతుంది. ఈ ఒక్క ప్రశ్నతో సెగా అప్పటి పిల్లలందర్నీ గెలుచుకుంది, సినిమా హాల్లోంచి బయటికొచ్చిన ఏ పిల్లాడు గ్రాంట్ అవ్వాలనుకుంటాడు? రాప్టర్‌గా ఆడితే గేము పూర్తిగా వేరే. తుపాకీ ఉండదు, పంజా, కోర, దానికి తోడు గ్రాంట్ కలలో కూడా దూకలేనంత ఎత్తు దూకుతుంది. చిన్న డైనోసార్లను గుటుక్కున మింగితే ఓపిక తిరిగొస్తుంది. దాని మీద కాల్పులు జరిపే గార్డుల మీదికి దూకడమే పని. స్టేజీలు తక్కువ, తొందరగానే అయిపోతుంది, అయినా మళ్లీ మళ్లీ ఆడాలనిపిస్తుంది.

గ్రాంట్‌గా ఆడితే మాత్రం సహనం కావాలి. ఆయన నడక బరువుగా ఉంటుంది, ఎత్తు నుంచి పడితే దెబ్బ తగులుతుంది, మొదట్లో చేతిలో ఉండేది మత్తు బాణాలు. అవి తగిలిన డైనోసార్ చావదు, కాసేపు పడుకుని మళ్లీ లేస్తుంది. చాలామంది ఇది చూసి గేములో లోపం అనుకున్నారు. నేను అనుకోను. ఆ ఏడాది వచ్చిన గేముల్లో సినిమా స్వభావాన్ని అర్థం చేసుకున్న నిర్ణయం అది, వాటిని నువ్వు గెలవలేవు, కొంచెం టైమ్ సంపాదించుకుంటావు, అంతే. పాస్‌వర్డ్‌లు కూడా ఉన్నాయి కాబట్టి రాత్రి ఆపేసి పొద్దున్నే మళ్లీ మొదలుపెట్టొచ్చు.

అందులో డైనోసార్ల కదలిక ఎందుకంత బాగుంటుందో తెలుసా? నమూనా బొమ్మలు తయారుచేసి, కొంచెం కొంచెం కదుపుతూ ఫొటోలు తీసి, వాటిని గేములోకి ఎక్కించారు. తమాషా ఏమిటంటే సినిమాలో కూడా మొదట అదే అనుకున్నారు, ఫిల్ టిప్పెట్ అనే ఆయన బొమ్మల్ని కదిలించే పద్ధతిలో చేయాల్సింది, తీరా కంప్యూటర్ బొమ్మలు చూశాక డైరెక్టర్ స్పీల్‌బర్గ్ మనసు మార్చుకున్నాడు. సినిమా వదిలేసిన పాత విద్య గేములో బతికిందన్నమాట. 1994లో దీనికే కొనసాగింపుగా రాంపేజ్ ఎడిషన్ అని ఇంకొకటి వచ్చింది. స్టేజీలు మీకు నచ్చిన వరుసలో ఆడొచ్చు, ఆయుధాలు ఎక్కువ, కాల్పులు ఎక్కువ. సరదాగా ఉంటుంది కానీ జురాసిక్ పార్క్ వాసన తక్కువ.

8-బిట్ వాటి గురించి, అంటే అంతకు ముందు తరం చిన్న మెషీన్ల గేముల గురించి, ఎక్కువ చెప్పను. నింటెండో వాళ్ల పాత మెషీన్ ఎన్‌ఈఎస్ జపాన్‌లో 1983లోనే పుట్టింది, అంటే సినిమా వచ్చేసరికి దానికి పదేళ్లు. ఓషన్ దానికి చేసిన గేము మీ సూపర్ నింటెండో గేముకు చిన్న తమ్ముడి లాంటిది, పైనుంచి చూడటం, గుడ్లు ఏరడం అవే, బిల్డింగ్‌లోకి వెళ్లినా దృశ్యం మారదు. గేమ్ బాయ్‌లో ఉన్నదీ దాదాపు అదే, రంగులు తీసేసి తెర చిన్నది చేస్తే. సెగా వైపు మాస్టర్ సిస్టమ్, గేమ్ గేర్‌లకు ఇంకో వేరే గేము వచ్చింది, ముందు జీపులో పోతూ మీదికొచ్చే డైనోసార్లను గురిపెట్టి కొట్టాలి, తర్వాత దిగి నడవాలి. ఒక సాయంత్రానికి సరిపోతుంది.

నాకు మనసులో మెత్తని చోటున్నది సెగా సీడీ గేము, అంటే మెగా డ్రైవ్‌కు తగిలించుకునే సీడీ మెషీన్‌కు వచ్చింది. దీన్ని ఎవరూ తలచుకోరు, అదే బాధ. సినిమా కథ అయిపోయాక మీరు ద్వీపానికి వస్తారు, హెలికాప్టర్ కూలిపోతుంది, రకరకాల డైనోసార్ల గుడ్లు వెతికి తెచ్చి విజిటర్ సెంటర్‌లోని ఇంక్యుబేటర్‌లో పెట్టాలి. మీకు 12 గంటలు గడువు, గేము గంటలు కాదు, నిజమైన గంటలే, గడియారం తిరుగుతూనే ఉంటుంది. దూకడాలు లేవు, ఒక చోట నిలబడి చుట్టూ తిరిగి చూడటం, వస్తువుల మీద నొక్కడం, ఆలోచించడం. ఒక డైనోసార్ దారికి అడ్డంగా ఉంటే దాన్ని ఎలా ఏమార్చాలో దాని అలవాట్లు తెలిస్తేనే తడుతుంది. ఆ అలవాట్లు చెప్పడానికి రాబర్ట్ బాకర్ అనే నిజమైన పురాజీవ శాస్త్రవేత్త వీడియోలో వస్తాడు, గడ్డం, టోపీ, మంచి హుషారైన మనిషి. చంపే ఆయుధాలు అసలు లేవు. కార్ట్రిడ్జ్‌తో పోలిస్తే సీడీలో వందల రెట్లు ఎక్కువ చోటు ఉంటుంది, దాన్ని వీళ్లు వాడుకున్నది ఇలా అడవి చప్పుళ్లకూ, వీడియోలకూ. నెమ్మదిగా ఉంటుంది, అందరికీ నచ్చదు. నాకు నచ్చింది.

సీడీలో ఉన్న ఇదే చోటును 3డీవో అనే ఇంకో మెషీన్‌లో ఎలా పాడుచేశారో కూడా చూడండి. 1994లో యూనివర్సల్ వాళ్ల సొంత గేమ్ విభాగమే జురాసిక్ పార్క్ ఇంటరాక్టివ్ అని విడుదల చేసింది. ఆ మెషీన్ వచ్చినప్పుడు ధర 699 డాలర్లు, కాబట్టి కొన్నవాడు తెర అదిరిపోవాలని కోరుకుంటాడు, న్యాయమే. తీరా చూస్తే చిన్న చిన్న ఆటలు కుట్టిన బొంత అది. రెక్స్, అదే టైరనోసారస్, వెంటపడుతుంటే కారు నడపడం కాసేపు బాగుంటుంది, ఆ తర్వాత అవే మళ్లీ మళ్లీ. సినిమా తీసినవాళ్ల ఇంట్లోంచే వచ్చినా ఉప్పు మరిచిపోయారు.

ఆర్కేడ్‌లో మాత్రం ఏ సందేహమూ పెట్టుకోలేదు. సెగా 1994లో పెట్టిన పెద్ద మెషీన్‌లో ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి, సీటు ఊగుతుంది, కుదుపుతుంది, ముందు తెర మీద రెక్స్ నోరు తెరుచుకుని వస్తుంటే కాలుస్తూ ఉండాలి. ఆలోచించేది ఏమీ లేదు. పది నిమిషాల్లో చెమట పట్టించి పంపిస్తుంది, ఆర్కేడ్‌కు కావలసింది అదే. ఆ సీటు లేకుండా ఇంట్లో ఎమ్యులేటర్‌లో, అంటే పాత మెషీన్‌లా పనిచేసే సాఫ్ట్‌వేర్‌లో, ఆడితే సగం పోతుంది, ముందే చెప్తున్నాను.

అమిగా, డాస్ గేములు కూడా ఓషన్‌వే, బయట పైనుంచి, లోపల కళ్లతో చూసినట్టు, మీరు ఆడుతున్న దానికి దగ్గర చుట్టాలు. పీసీకి బలం ఎక్కువ కాబట్టి లోపలి భాగాలు అందులో సాఫీగా కదులుతాయి. మీకు సూపర్ నింటెండోలో బిల్డింగుల కుదుపు పడక కళ్లు తిరుగుతుంటే డాస్ గేమును ఒకసారి చూడండి, అయితే అది కూడా ఉన్నదున్నట్టు అదే గేము కాదు.

ఇప్పుడు ఏది ఆడాలి అన్నదానికి వస్తే, ముందు పాత మెషీన్ల వెంట పడకండి. 2023లో లిమిటెడ్ రన్ అనే కంపెనీ వాళ్లు జురాసిక్ పార్క్ క్లాసిక్ గేమ్స్ కలెక్షన్ అని ఒకటి తెచ్చారు. స్విచ్, ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్‌లకు వచ్చింది. అందులో ఏడు గేములు: ఎన్‌ఈఎస్, గేమ్ బాయ్, సూపర్ నింటెండో, మెగా డ్రైవ్ గేములు, రాంపేజ్ ఎడిషన్, ఇంకా సూపర్ నింటెండో, గేమ్ బాయ్‌ల కోసం ఓషన్ తీసిన రెండో భాగం. మీ ఫ్రెండ్ గేమూ మీ గేమూ ఒకే చోట దొరుకుతాయన్నమాట. దానికంటే ముఖ్యం, ఎక్కడ కావాలంటే అక్కడ సేవ్ చేసుకోవచ్చు, మ్యాపులు కూడా ఇచ్చారు. ముప్పై ఏళ్ల నాటి పాపం అలా కడుక్కున్నారు. సెగా సీడీ, 3డీవో, ఆర్కేడ్, కంప్యూటర్ గేములు అందులో లేవు, కాబట్టి సెగా సీడీది ఆడాలంటే మీరు కాస్త కష్టపడాలి.

తర్వాతి సినిమాల గేముల గురించి మీరు అడగలేదు గానీ ఒక రెండు చెప్పకుండా ఉండలేను. 1998లో పీసీకి వచ్చిన ట్రెస్పాసర్, దాన్ని అప్పట్లో అందరూ చీల్చి చెండాడారు, తప్పు కూడా కాదు, చెయ్యిని మౌస్‌తో విడిగా కదపాలి, ఒక డబ్బా ఎత్తడానికి ఐదు నిమిషాలు, ఓపిక ఎంతుందో చూడాలంటే పాత్ర కిందికి వంగి తన గుండె మీది పచ్చబొట్టు చూసుకోవాలి. కానీ వస్తువులకు బరువు ఉండటం, దొర్లడం, ఒకదాని మీద ఒకటి పేర్చడం అప్పుడే ప్రయత్నించారు. దాని వెనకున్న షేమస్ బ్లాక్లీ తర్వాత మైక్రోసాఫ్ట్‌లో ఎక్స్‌బాక్స్ పుట్టించినవాళ్లలో ఒకడయ్యాడు. రెండోది 2003లో వచ్చిన ఆపరేషన్ జెనెసిస్. పార్కు మీరే కట్టి నడపాలి, 60 డైనోసార్ల దాకా పెంచొచ్చు. తుఫాను వచ్చి కంచె విరిగి, రెక్స్ సందర్శకుల మధ్యకు వచ్చినప్పుడు తప్పు హీరోది కాదు, మీది. పదేళ్లు అందరూ గ్రాంట్ చేతికి తుపాకీ ఇచ్చి తంటాలు పడ్డారు, పార్కు కట్టిన హామండ్ కుర్చీలో కూర్చోబెడితే సినిమా దానంతట అదే గేములోకి వస్తుందని తట్టడానికి అంత టైమ్ పట్టింది. ఇప్పటి జురాసిక్ వరల్డ్ ఎవల్యూషన్ గేములు నడిచేది అదే దారిలో.

సరే, మీ చేతిలో సూపర్ నింటెండో గేము ఉంది కాబట్టి ఈ వారాంతం దాన్నే పూర్తి చేయాలనుంటే కొన్ని మాటలు వినండి. మొదటి గంట ఏ పనీ పెట్టుకోకుండా బయట మాత్రమే తిరగండి, దారులు అలవాటు చేసుకోండి, కనిపించిన ప్రతి గుడ్డూ తీసుకోండి, 18లో ఒక్కటి తగ్గినా చివర్లో ద్వీపమంతా మళ్లీ గాలించాలి. రెక్స్ తిరిగే చోట హీరోయిజం వద్దు, అందితే అంతే సంగతులు, మత్తు బాణం ఉంటే ఆపి దాటండి, లేకపోతే పరిగెత్తండి. బిల్డింగ్‌లోకి వెళ్లే ముందు ఆయుధం నిండుగా ఉందో లేదో చూసుకోండి. చీకటి గదులు నైట్ విజన్ కళ్లజోడు దొరికేదాకా వదిలేయండి. దొరికిన ప్రతి ఐడీ కార్డు ఎవరిదో రాసుకోండి, నవ్వకండి, నిజంగా పేపరు మీద రాసుకోండి. సూపర్ నింటెండో మౌస్ ఉంటే బిల్డింగుల లోపల అది కూడా పనిచేస్తుంది. మధ్యలో ఆపాల్సి వస్తే పాజ్ పెట్టి టీవీ ఒక్కటే ఆపండి, మెషీన్‌ను ముట్టుకోవద్దని ఇంట్లోవాళ్లకు కూడా చెప్పి వెళ్లండి.